పదిహేడో శతాబ్దపు అట్లాంటిక్ బానిస వ్యాపారంలో ఓడల పట్టివేత: తరచుగా అడిగే ప్రశ్నలు

1619 ఆగస్టు చివర్లో ఒక ఓడ ఇరవై మందికి పైగా ఆఫ్రికన్లను వర్జీనియా తీరానికి చేర్చిందన్న సంగతి అమెరికా చరిత్ర కొద్దిగా చదివినవారికి కూడా తెలుసు. వారు ఆఫ్రికా నుంచి ఆ ఓడలో బయలుదేరలేదని మాత్రం చాలామందికి తెలియదు. వేరే దేశపు ఓడ వారిని వేరే రేవుకు తీసుకువెళుతుండగా దారిలో ఇంకొకరు ఆ ఓడను దోచుకున్నారు. ఇక్కడి ప్రశ్నలు ఆ దోపిడీ గురించీ, అటువంటి దోపిడీలకు వీలు కల్పించిన ఆనాటి చట్టం, రాజకీయం, వ్యాపారం గురించీ పాఠకులకు సహజంగా కలిగేవే.

ప్రైవేటీరు అంటే ఎవరు? సముద్రపు దొంగకూ అతనికీ తేడా ఏమిటి?

సొంత డబ్బుతో ఆయుధాలు అమర్చిన ఓడను నడుపుతూ, ఒక రాజు లేదా ప్రభుత్వం ఇచ్చిన అనుమతి పత్రంతో శత్రుదేశపు ఓడలను పట్టుకునేవాడు ప్రైవేటీరు. ఆ పత్రాన్ని లెటర్ ఆఫ్ మార్క్ అనేవారు. పట్టుకున్న ఓడను, అందులోని సరుకును రేవుకు తెచ్చి, అది న్యాయంగా చిక్కినదేనని నౌకా న్యాయస్థానం చేత తీర్పు చెప్పించుకుంటే, ఆ సొత్తు చట్టబద్ధంగా అతనిదయ్యేది. ఇంగ్లండులో ముందు పదో వంతు నౌకాధిపతికి వెళ్లేది. మిగిలినదాన్ని ఓడ యజమానులు ఒక వంతు, ఆహారం, మందుగుండు సమకూర్చిన పెట్టుబడిదారులు ఒక వంతు, నావికులు ఒక వంతు చొప్పున పంచుకోవడం వాడుక. జీతం లేదు కాబట్టి ఓడ ఏదీ చిక్కకపోతే నావికుడికి దక్కేదీ ఏమీ లేదు. పత్రం లేకుండా అదే పని చేసినవాడు సముద్రపు దొంగ, దొరికితే ఉరిశిక్ష.

కాగితం మీద ఇంత స్పష్టంగా ఉన్న ఈ గీత సముద్రం మీద చెరిగిపోతూ ఉండేది. పత్రం గడువు తీరినా, పత్రమిచ్చిన రాజు శత్రువుతో సంధి చేసుకున్నా, నిన్నటి ప్రైవేటీరు తనకు తెలియకుండానే ఈరోజు దొంగగా మారేవాడు. దోపిడీకి గురైన ఓడలోని వారికి, ముఖ్యంగా దాని అడుగు అరలో సంకెళ్లతో ఉన్నవారికి, ఈ తేడా వల్ల ఒరిగిందేమీ లేదు.

సొంత రాజు అనుమతి ఇవ్వకపోతే ఏం చేసేవారు?

వేరే రాజు దగ్గరికి వెళ్లేవారు. 1604లో ఇంగ్లండు స్పెయిన్‌తో సంధి చేసుకున్నాక జేమ్స్ రాజు స్పానిష్ ఓడల మీద దాడులను నిషేధించాడు. ఎలిజబెత్ రాణి కాలంలో ఆ దాడులతోనే సంపన్నులైనవారు ఊరుకోలేదు. డచ్చి రేవులలోనో, ఇటలీ ఉత్తరాన ఉన్న సవోయ్ డ్యూక్ దగ్గరో పత్రాలు సంపాదించి పాత వృత్తినే కొనసాగించారు. శతాబ్దం చివరి భాగంలోనూ ఇదే పద్ధతి కనిపిస్తుంది. నెదర్లాండ్స్‌లోని జీలాండ్‌కు చెందిన బెంజమిన్ రౌలె అనే వర్తకుడు జర్మన్ రాజ్యమైన బ్రాండెన్‌బర్గ్ పాలకుడి పేరుతో స్వీడిష్ ఓడలను పట్టుకున్నాడు. తరువాత అదే పాలకుడి నౌకాదళాన్ని నిర్మించి, 1682లో ఏర్పడిన బ్రాండెన్‌బర్గ్ ఆఫ్రికన్ కంపెనీకి వెనక నిలిచాడు. ఆ కంపెనీ వ్యాపారంలో ముఖ్యమైనది బానిస వ్యాపారం.

ప్రైవేటీర్లు ప్రత్యేకించి బానిసల ఓడలనే వెతికేవారా?

శతాబ్దపు తొలి దశకాల్లో అలా వెతకలేదనే చెప్పాలి. వారి ఆశంతా వెండి మీద, ఆ తరువాత చక్కెర, తోళ్లు, నీలిమందు మీద ఉండేది. అయితే అమెరికా ఖండంలోని స్పానిష్ వలసలకు ఆఫ్రికన్లను తరలించే హక్కును స్పెయిన్ రాజు అసియెంటో అనే ఒప్పందం కింద అమ్మేవాడు. 1580 నుంచి 1640 వరకు పోర్చుగల్, స్పెయిన్ ఒకే కిరీటం కింద ఉండడంతో ఆ హక్కు 1595 మొదలుకొని పోర్చుగీసు వర్తకుల చేతుల్లో నిలిచింది. అంగోలాలోని లువాండా నుంచి బయలుదేరిన ఓడలు ఇప్పటి కొలంబియాలోని కార్తహేనా, మెక్సికోలోని వెరాక్రూజ్ రేవులకే వెళ్లాలి. దారి తెలిసినదే, ఓడలో ఆయుధాలు తక్కువ, నెలల ప్రయాణంతో నావికులు అలసిపోయి ఉండేవారు. వెండి కోసం కాపు కాసేవారికి ఇటువంటి ఓడ ఎదురుపడితే వదిలిపెట్టే కారణం కనిపించలేదు.

ఇక్కడ గుర్తుంచుకోవలసిన విషయం ఒకటుంది. ఆఫ్రికా తీరంలో సొంత కోటలు, సంబంధాలు ఇంకా బలపడని రోజుల్లో ఇంగ్లీషు, డచ్చి వలసలకు ఆఫ్రికన్లు చేరిన తొలి మార్గాలలో దోపిడీ ముఖ్యమైనది. 1621లో ఏర్పడిన డచ్చి వెస్ట్ ఇండియా కంపెనీ 1623 నుంచి 1636 దాకా ఐదు వందలకు పైగా స్పానిష్, పోర్చుగీసు ఓడలను పట్టుకుంది. డచ్చి నౌకాసేనాని పీట్ హైన్ 1628లో క్యూబాలోని మతాన్సాస్ దగ్గర వెండి నౌకల దండును చేజిక్కించుకున్న ఘట్టమే అందరికీ గుర్తుండిపోయింది. కానీ ఆ ఓడల లెక్కలోనే రెండు వేలకు పైగా ఆఫ్రికన్ బందీలు కూడా ఉన్నారు. 1630లో బ్రెజిల్‌లోని పెర్నాంబుకో చక్కెర తోటలు డచ్చివారి వశమయ్యాక అప్పుడప్పుడు దొరికే ఓడలతో వారి అవసరం తీరలేదు. 1637లో ఇప్పటి ఘనా తీరంలోని ఎల్మినా కోటను, 1641లో లువాండానే పట్టుకున్నారు. ఓడలను పట్టుకోవడం మాని రేవులను పట్టుకోవడం మొదలుపెట్టారన్నమాట. లువాండాను పోర్చుగీసువారు 1648లో తిరిగి తీసుకున్నారు.

1619లో అసలు ఏం జరిగింది?

సాన్ జువాన్ బతీస్తా అనే పోర్చుగీసు ఓడ మనుయెల్ మెందెస్ ద కున్యా నాయకత్వంలో లువాండాలో 350 మంది బందీలను ఎక్కించుకుని వెరాక్రూజ్‌కు బయలుదేరింది. వారిలో 200 మందికే స్పెయిన్‌లోని సెవిల్‌లో తీసుకున్న లైసెన్సు ఉంది, మిగిలినవారి సంగతి తరువాత ప్రకటించుకోవచ్చన్నది ఏర్పాటు. దారిలో జబ్బులు ప్రబలి చాలామంది చనిపోయారు. ఆహారం, నీరు, మందుల కోసం జమైకాలో ఆగవలసి వచ్చినప్పుడు కెప్టెన్ 24 మంది పిల్లలను అక్కడ అమ్మేశాడు. ఆ తరువాత మెక్సికో తీరంలోని కంపెచే అఖాతంలో వైట్ లయన్, ట్రెజరర్ అనే రెండు ఓడలు ఆ ఓడ మీద పడ్డాయి.

వైట్ లయన్ కెప్టెన్ జాన్ జోప్ ఇంగ్లీషువాడు, పత్రం డచ్చి రేవు అయిన ఫ్లిస్సింగెన్‌ది. ట్రెజరర్ కెప్టెన్ డేనియల్ ఎల్‌ఫ్రిత్, పత్రం సవోయ్ డ్యూక్‌ది. దాని యజమానుల్లో అదే 1619లో వార్విక్ ఎర్ల్ అయిన రాబర్ట్ రిచ్, వర్జీనియా డిప్యూటీ గవర్నరుగా పనిచేసిన శామ్యూల్ ఆర్గాల్ ఉన్నారు. దాడి చేసినవారు తమ ఓడల్లో పట్టినంతమందిని, అంటే యాభై అరవై మందిని తీసుకుని మిగిలినవారిని వదిలేశారు. మెందెస్ సాంతా అనా అనే మరో చిన్న ఓడలో ఆగస్టు 30న వెరాక్రూజ్ చేరాడు. అక్కడి ఖజానా పుస్తకంలో, జమైకాలో అమ్మిన పిల్లలతో కలిపి, అతనికి మిగిలినవారు 147 మంది అని రాసుకుని, 8,657 పెసోలకు పైగా కట్టించుకున్నారు. 350లోంచి 147 మందినీ, దోపిడీకి గురైనవారినీ తీసేస్తే మిగిలే 143 నుంచి 153 మంది సముద్రంలో చనిపోయినవారే కావాలి. ఖజానా పుస్తకం వారి గురించి చెప్పేది చాలామంది అప్పటికే చనిపోయారన్న ఒక్క మాట మాత్రమే.

ఇంచుమించు అదే రోజుల్లో వైట్ లయన్ పాయింట్ కంఫర్ట్ చేరింది. ఇప్పుడది వర్జీనియాలోని హాంప్టన్ నగరంలో భాగం. వలసవాసి జాన్ రాల్ఫ్ 1620 జనవరిలో లండన్‌కు రాసిన ఉత్తరంలో ఆ ఓడ ఇరవై మందికి పైగా నీగ్రోలను తప్ప మరేమీ తేలేదనీ, గవర్నరు యార్డ్లీ, వలస సరుకు అధికారి కలిసి ఆహార పదార్థాలు ఇచ్చి వీలైనంత చవకగా వారిని కొన్నారనీ ఉంది. ఓడ కెప్టెన్ తనకు ఆహారం చాలా అవసరమని చెప్పుకున్నాడని కూడా రాల్ఫ్ రాశాడు, ఆ మాటను తాను పూర్తిగా నమ్మలేదన్న సూచన ఆ వాక్యంలోనే ఉంది. కొద్ది రోజులకు ట్రెజరర్ కూడా వచ్చింది గానీ ఎక్కువసేపు నిలవలేదు. సవోయ్ స్పెయిన్‌తో సంధి చేసుకోవడంతో దాని పత్రానికి చెల్లుబాటు పోయింది. ఆ ఓడలోని బందీల్లో ఎక్కువమంది బెర్ముడాకు చేరారు.

ఆ బందీలు ఆఫ్రికాలో ఏ ప్రాంతంవారు?

వారిలో ఎక్కువమంది ఇప్పటి అంగోలాలోని ఎన్‌డోంగో రాజ్యానికి చెందిన కింబుందు భాష మాట్లాడేవారని చరిత్రకారులు భావిస్తున్నారు. 1617లో లువాండా గవర్నరుగా వచ్చిన లూయిస్ మెందెస్ ద వాస్కోన్సెలోస్ ఇంబంగాలా అనే సాయుధ దళాలను తోడు తెచ్చుకుని 1618, 1619 సంవత్సరాల్లో ఎన్‌డోంగో మీద దండెత్తాడు. రాజధాని కబాసా ధ్వంసమైంది, వేలాదిమంది బందీలయ్యారు. పొలాలు, పశువులు, సంతలు, రాజకొలువు ఉన్న దేశం నుంచి వచ్చిన ఆ మనుషులు లండన్ లెక్కల్లో పేరూ ఊరూ లేని సంఖ్యగా మిగిలిపోయారు. వారి కథను వర్జీనియా రేవు దగ్గర మొదలుపెట్టడం నా దృష్టిలో సగం కథను తుడిచెయ్యడమే.

వారిలో ఎవరి పేర్లయినా తెలుసా?

కొన్ని తెలుసు. ట్రెజరర్‌లో వచ్చిన ఏంజెలా అనే స్త్రీ 1625 నాటి జనాభా లెక్కలో జేమ్స్‌టౌన్‌లో కెప్టెన్ విలియం పియర్స్ ఇంట్లో ఉంది. అదే లెక్కలో విలియం టక్కర్ ఇంటి కింద ఆంథొనీ, ఇసబెల్లా, వారి బిడ్డ విలియం కనిపిస్తారు. ఇవి ఎక్కువగా పోర్చుగీసు బాప్తిస్మపు పేర్లకు ఇంగ్లీషు రూపాలు. లువాండాలో ఓడ ఎక్కించేముందు మూకుమ్మడిగా బాప్తిస్మం ఇవ్వడం అక్కడి పద్ధతి. తల్లిదండ్రులు పెట్టిన పేర్లను ఏ గుమాస్తా రాసుకోలేదు.

వర్జీనియా వారిని బానిసలుగా చూసిందా, ఒప్పంద సేవకులుగా చూసిందా?

దీని మీద చాలాకాలంగా వాదం ఉంది. 1619లో వర్జీనియాలో బానిసత్వాన్ని నిర్వచించిన చట్టం లేదు, తల్లి బానిస అయితే బిడ్డా బానిసే అన్న శాసనం 1662లో వచ్చింది. తరువాతి సంవత్సరాల్లో కొందరు ఆఫ్రికన్లు స్వేచ్ఛ పొంది భూమి కూడా సంపాదించారు. అయినా ఒప్పంద సేవకుడు సంతకం పెట్టి, గడువు ఒప్పుకుని వచ్చినవాడు. వీరిని యుద్ధంలో పట్టి, ఒకసారి అమ్మి, సముద్రంలో దోచుకుని, మళ్లీ మొక్కజొన్నకు, మాంసానికి మారకం వేశారు. చట్టం లేకపోవడాన్ని స్వేచ్ఛగా చదవకూడదు.

శత్రువు ఓడను పట్టుకున్నాక అందులోని బందీలను ఎందుకు విడిచిపెట్టలేదు?

ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. ఇంగ్లీషు, డచ్చి ప్రచారకులు స్పెయిన్ క్రూరత్వాన్ని ఎండగడుతూ ఎన్నో పుటలు నింపారు కాబట్టి, స్పానిష్ ఓడల్లోని బానిసలు తమ చేతికి చిక్కినప్పుడు విడిపిస్తారని ఆశించడం సహజం. కానీ నౌకా న్యాయస్థానం వేసుకున్న ప్రశ్న వేరు. ఈ సొత్తు శత్రువుదా కాదా, పట్టుకున్నవాడికి సరైన పత్రం ఉందా లేదా అన్నవే దానికి ముఖ్యం. ఓడలోని మనిషిని ముందే సరుకుల జాబితాలో చేర్చేశారు. సరుకును విడుదల చేయడమన్న ఆలోచనకే ఆ చట్టంలో చోటు లేదు. 1603లో డచ్చివారు సింగపూర్ దగ్గర సాంతా కతరీనా అనే పోర్చుగీసు ఓడను పట్టుకున్నప్పుడు దానిని సమర్థిస్తూ వాదన రాసిన డచ్చి న్యాయశాస్త్రవేత్త హ్యూగో గ్రోషియస్, న్యాయమైన యుద్ధంలో చిక్కిన సొత్తు పట్టుకున్నవాడిదేనన్న సూత్రాన్ని గట్టిగా నిలబెట్టాడు. అట్లాంటిక్‌లో ఆ సూత్రం మనుషులకూ వర్తించింది.

ట్రెజరర్ వ్యవహారం లండన్‌లో పెద్ద గొడవకే దారితీసింది. స్పెయిన్ రాయబారికి తెలిస్తే రాజుకు కోపం వస్తుందని, కంపెనీ హక్కులే పోతాయని, ఆ వలసను నడిపే వర్జీనియా కంపెనీలోని ఎడ్విన్ శాండిస్ వర్గం, వార్విక్ ఎర్ల్ వర్గం ఏళ్ల తరబడి కలహించాయి. అందులో వాదమంతా స్పెయిన్ రాజు ప్రజల సొత్తును దోచుకోవడం నేరమా కాదా అన్నదాని మీదే నడిచింది. దోపిడీకి గురైనవారెవరు అన్న ప్రశ్నకు మెందెస్ అని, అతని వెనకున్న వర్తకులని సమాధానం దొరికింది. ఏంజెలా, ఆంథొనీ, ఇసబెల్లాలకు ఫిర్యాదుదారులుగా చోటు లేదు.

దీనికి భిన్నమైన తీర్పు ఒక్కటైనా లేదా?

ఉంది, అయితే దాని పరిమితి ఇట్టే తెలిసిపోతుంది. 1645లో బోస్టన్‌కు చెందిన రెయిన్‌బో ఓడ మనుషులు పశ్చిమాఫ్రికాలోని గినీ తీరంలో ఒక ఊరి మీద ఆదివారం నాడు దాడి చేసి కొందరిని పట్టుకొచ్చారు. మసాచుసెట్స్ న్యాయసభ 1646లో దీన్ని మనుషుల దొంగతనమనే ఘోర పాపంగా ఖండించి, ఇద్దరు ఆఫ్రికన్లను తిరిగి వారి దేశానికి పంపాలని ఆదేశించింది. అదే మసాచుసెట్స్ 1641లో చేసుకున్న చట్టం న్యాయమైన యుద్ధాల్లో చిక్కినవారిని, ఇతరులు తమకు అమ్మినవారిని బానిసలుగా ఉంచుకోవచ్చని ఒప్పుకుంది. వారు చూసిన తప్పు ఆ మనుషులను పట్టుకున్న తీరులోనే, బానిసత్వంలో కాదు. తగిన పత్రం ఉన్న ప్రైవేటీరు తెచ్చి అమ్మి ఉంటే ఆ ఇద్దరి గురించి ఏ న్యాయసభా మాట్లాడేది కాదు.

ఓడ పట్టుబడితే లోపలివారి పరిస్థితి ఏమయ్యేది?

దాదాపు ప్రతిసారీ మరింత దిగజారేది. ప్రయాణానికి లెక్కకట్టి ఎక్కించిన నీరు, తిండి దాడి వల్ల కలిగిన ఆలస్యంతో తరిగిపోయేవి. చిన్న ఓడలోకి కొందరిని ఎంచుకుని తీసుకువెళ్లేటప్పుడు, అప్పటిదాకా ఒకే ఊరివారుగా, ఒకే భాషవారుగా పక్కపక్కన ఉన్నవారు విడిపోయేవారు. 1619లో ఒకే ఓడలో బయలుదేరినవారు జమైకా, మెక్సికో, వర్జీనియా, బెర్ముడా అని నాలుగు చోట్లకు చెదిరిపోయారు. అన్నదమ్ములు, భార్యాభర్తలు వారిలో ఎంతమంది ఉన్నారో రాసిపెట్టినవారు లేరు.

దోపిడీ సొమ్ము పంపకంలో మనుషులు కూడా వాటాగా ఉండేవారా?

ఉండేవారు, ధర కట్టి మరీ ఉండేవారు. బుకనీర్లు అనే కరీబియన్ సముద్రపు దోపిడీదారులతో స్వయంగా తిరిగిన ఒక వైద్యుడు 1678లో ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చువేయించిన పుస్తకంలో వారి ఒప్పందపు షరతులు ఉన్నాయి. పోరులో కుడిచెయ్యి పోయినవాడికి 600 వెండి నాణేలు లేదా ఆరుగురు బానిసలు, ఎడమచెయ్యికి 500 లేదా ఐదుగురు, కన్ను పోతే 100 లేదా ఒక బానిస. నావికుల మధ్య న్యాయం కోసం రాసుకున్న నియమావళి ఇది. గాయపడిన తోటివాడిని ఆదుకోవాలన్న మంచి ఆలోచన అందులో ఉంది. ఆ పరిహారంగా ఇచ్చేది ఇంకో మనిషి జీవితాన్ని అన్నది రాసుకున్నవారికి తప్పుగా తోచలేదు. 1694లో ఫ్రెంచి గవర్నరు డుకాస్ జమైకా మీద దాడి చేసినప్పుడు తీసుకుపోయిన సొత్తులో 1,300 మందికి పైగా బానిసలు ఉన్నారు. తోటలున్న దీవిలో అన్నిటికన్నా విలువైన దోపిడీ సొత్తు మనుషులే అయ్యారు.

బందీలు తిరగబడ్డ సందర్భాలు లేవా?

ఉన్నాయి. నికరాగువా తీరానికి దూరంగా ఉన్న ప్రావిడెన్స్ దీవిలో 1630లో ఇంగ్లీషు ప్యూరిటన్లు వలస పెట్టారు. పెట్టుబడిదారుల్లో వార్విక్ ఎర్ల్ ఉన్నాడు, ట్రెజరర్ కెప్టెన్ ఎల్‌ఫ్రిత్ అక్కడికీ చేరాడు. పొగాకు, పత్తి లాభించకపోవడంతో ఆ దీవి ప్రైవేటీర్ల స్థావరంగా మారింది, స్పానిష్ ఓడల నుంచి దోచుకున్న ఆఫ్రికన్ల సంఖ్య పెరిగింది. 1638 మే 1న వారు తిరగబడ్డారు, వలస ఆ తిరుగుబాటును అణచివేసింది. 1641లో స్పెయిన్ దీవిని పట్టుకున్నప్పుడు అక్కడ 381 మంది బానిసలు ఉన్నారు. వారిని కూడా విజేతలు సొత్తుగానే తీసుకువెళ్లారు. ఒకసారి దోపిడీకి గురైనవారు రెండోసారి కూడా దోపిడీ సొత్తయ్యారు.

దీనికి పూర్తిగా భిన్నమైన దారి పట్టినవాడు డియెగో. హవానాలో పుట్టిన ఈ మిశ్రమజాతి నావికుడు స్పానిష్ అధికారి పెట్టిన బాధలు భరించలేక డచ్చివారితో చేరి కెప్టెన్ అయ్యాడు. 1637లో ఇంగ్లీషు డొమినికన్ సన్యాసి థామస్ గేజ్ ప్రయాణిస్తున్న ఓడను దోచుకున్నది అతని మనుషులే. ప్రైవేటీరు ఓడ కొందరు నల్లజాతివారికి తప్పించుకునే దారి కావడం నిజమే. ఆ ఒకరిద్దరి కథతో మిగతా వేలమంది కథను కప్పివేయడం మాత్రం సరికాదు.

కంపెనీలు తమ దేశపు ఓడలను కూడా పట్టుకునేవా?

పట్టుకునేవి. 1672లో రాజశాసనం పొందిన ఇంగ్లీషు రాయల్ ఆఫ్రికన్ కంపెనీకి ఆఫ్రికా వ్యాపారం మీద గుత్తహక్కు ఉండేది, దాని అధిపతి రాజు తమ్ముడు యార్క్ డ్యూక్. అనుమతి లేకుండా గినీ తీరానికి వెళ్లే ఇంగ్లీషు వర్తకులను ఇంటర్‌లోపర్లు అనేవారు. వారి ఓడలను, బానిసలతో సహా స్వాధీనం చేసుకునే అధికారం కంపెనీకి ఆ శాసనం ఇచ్చింది. 1688 విప్లవంలో ఆ డ్యూకే, అప్పటికి రాజైన జేమ్స్, సింహాసనం కోల్పోయాడు. మరుసటి సంవత్సరం నైటింగేల్, బ్రిడ్జెస్‌ల మధ్య కేసులో న్యాయస్థానం, పార్లమెంటు చట్టం లేకుండా కేవలం రాజశాసనంతో ప్రజల సొత్తు పట్టుకోవడం చెల్లదని చెప్పింది. 1698లో పార్లమెంటు పది శాతం సుంకం మీద ఈ వ్యాపారాన్ని అందరికీ తెరిచింది.

ఇంగ్లండు స్వేచ్ఛా చరిత్రలో ఈ తీర్పుకు గౌరవస్థానం ఉంది. రాజు ఇష్టానుసారం సొత్తు లాక్కోకూడదన్న సూత్రం గొప్పదే. కానీ ఇక్కడ కాపాడిన సొత్తులో మనుషులు ఉన్నారు. వ్యాపారులకు దక్కిన ఆ స్వేచ్ఛతో తరువాతి శతాబ్దంలో ఇంగ్లీషు బానిస ఓడల సంఖ్య ఎన్నో రెట్లు పెరిగింది.

యుద్ధాల్లో ఆఫ్రికా తీరంలోని కోటలు కూడా చేతులు మారేవా?

తరచుగా మారేవి. 1664లో ఇంగ్లీషు నౌకాధికారి రాబర్ట్ హోమ్స్ డచ్చివారి నుంచి ఇప్పటి సెనెగల్ తీరంలోని గోరీ దీవిని, ఘనా తీరంలోని కేప్ కోస్ట్‌ను పట్టుకున్నాడు. డచ్చి నౌకాసేనాని డి రైటర్ వచ్చి కేప్ కోస్ట్ తప్ప దాదాపు అంతా వెనక్కి తీసుకున్నాడు. 1677లో గోరీ ఫ్రెంచివారిదయింది, 1695లో గాంబియాలోని ఇంగ్లీషు జేమ్స్ కోటను ఫ్రెంచివారే పట్టుకున్నారు. కోటతోపాటు దాని కొట్లలో అమ్మకానికి వేచి ఉన్నవారు కూడా కొత్త యజమాని చేతికి వెళ్లేవారు.

ఇటువంటి ఓడ ఏదైనా ఇప్పటికీ చూడగలమా?

హెన్రియెట్టా మేరీ అవశేషాలు 1972లో అమెరికాలో ఫ్లోరిడా దక్షిణాన మార్కెసాస్ దీవుల దగ్గర దొరికాయి. ఇది ఫ్రాన్స్‌లో కట్టిన ఓడ అయి ఉండవచ్చనీ, యుద్ధంలో పట్టుబడి ఇంగ్లీషువారి చేతికి వచ్చిందనీ పరిశోధకుల అభిప్రాయం. 1700లో జమైకాలో సుమారు 190 మంది ఆఫ్రికన్లను దించి తిరుగు ప్రయాణంలో మునిగిపోయింది. 1983లో ఓడ పేరు, 1699 అన్న సంవత్సరం చెక్కిన కంచు గంట బయటపడింది. గాజు పూసలు, సీసం కలిసిన తగరపు పాత్రలు, ఏనుగు దంతాలు, ఎనభైకి పైగా జతల ఇనుప సంకెళ్లు దొరికాయి. సంకెళ్లలో కొన్ని పెద్దల మణికట్టుకు సరిపోనంత చిన్నవి. వాటిని ఏ వయసువారి కోసం చేయించారో వేరే చెప్పనక్కరలేదు. నల్లజాతి డైవర్ల సంఘం 1993లో ఆ చోట సముద్రగర్భంలో ఒక స్మారక ఫలకం ఉంచింది.

తెలుగు తీరానికి ఈ వ్యాపారంతో సంబంధం ఉందా?

పైన చెప్పిన దాడులతో నేరుగా లేదు. కానీ ఆఫ్రికా తీరంలో మనుషులను కొనడానికి ఓడలు మోసుకెళ్లిన సరుకుల్లో భారతీయ నూలుబట్టది పెద్ద స్థానం. గినీ బట్ట అన్న పేరుతోనే అమ్ముడైన సాదా నూలుబట్ట కోరమాండల్ తీరం నుంచి వెళ్లేది. మచిలీపట్నం, పాలకొల్లు, ద్రాక్షారామం దగ్గర డచ్చి కంపెనీ బట్టలు సేకరించేది. మాల్దీవుల గవ్వలు కూడా ఇదే దారిన యూరోపు చేరి పశ్చిమాఫ్రికాలో నాణెంగా చెల్లేవి. గోదావరి ఒడ్డున మగ్గం మీద కూర్చున్న నేతగాడికి తన బట్ట ఎక్కడ, దేనికి మారకం అవుతుందో తెలిసే అవకాశం లేదు. కంపెనీ గుమాస్తాలకు మాత్రం బాగా తెలుసు.

పట్టుకున్న బానిస ఓడలోనివారిని విడుదల చేయడం ఎప్పుడు మొదలైంది?

బ్రిటన్ 1807లో బానిస వ్యాపారాన్ని నిషేధించాక. అప్పటి నుంచి దాని నౌకాదళం పట్టుకున్న ఓడల్లోని బందీలను పశ్చిమాఫ్రికాలోని సియెరా లియోన్ వంటి చోట్ల దించేది. అయితే ఆ చట్టమే వారిని పద్నాలుగేళ్ల వరకు అప్రెంటిసులుగా పెట్టడానికి అనుమతించింది, ఓడ పట్టుకున్న నావికులకు తలకింత అని బహుమానం ఇచ్చింది. ప్రైవేటీర్ల పద్ధతిని యూరోపు దేశాలు 1856 నాటి పారిస్ ప్రకటనతో రద్దు చేశాయి.

ఈ సంగతులన్నీ ఇంత వివరంగా ఎలా తెలిశాయి?

దోపిడీ జరిగిన చోట తగాదా పుడుతుంది, తగాదా కాగితాలను మిగుల్చుతుంది. సవ్యంగా రేవు చేరిన ఓడ గురించి ఒక సుంకపు పద్దు ఉంటుంది. పట్టుబడిన ఓడ గురించి వాంగ్మూలాలు, ఫిర్యాదులు, రాయబారుల ఉత్తరాలు, న్యాయస్థానపు తీర్పులు ఉంటాయి. చాలాకాలం వర్జీనియాకు వచ్చినవారు ఏ ఓడ నుంచి వచ్చారో ఎవరికీ తెలియలేదు. ఎంగెల్ స్లూయిటర్ అనే చరిత్రకారుడు స్పెయిన్‌లో సెవిల్‌లోని ఇండీస్ దస్తావేజుల భాండాగారంలో వెరాక్రూజ్ ఖజానా లెక్క చూసి, సాన్ జువాన్ బతీస్తా పేరును 1997లో ప్రకటించాడు. మెందెస్ తనకు తగ్గిన బందీల లెక్క చెప్పుకోవలసి రావడం వల్లే ఆ నాలుగు వాక్యాలు పుస్తకంలోకి ఎక్కాయి.

సొంతంగా వెతకదలచినవారికి స్లేవ్ వాయేజెస్ అనే డేటాబేసు ఇంటర్నెట్‌లో ఉచితంగా అందుబాటులో ఉంది. నాలుగు శతాబ్దాల్లో ఆఫ్రికాలో ఓడ ఎక్కించినవారు సుమారు 1 కోటి 25 లక్షలు, ప్రాణాలతో దిగినవారు సుమారు 1 కోటి 7 లక్షలు అన్న అంచనా అక్కడిదే. ఒక్కొక్క ప్రయాణానికి ఓడ పేరు, కెప్టెన్, బయలుదేరిన రేవు, ఎక్కినవారి, దిగినవారి సంఖ్యతోపాటు, ఆ ఓడ దారిలో ఎవరి చేతికైనా చిక్కిందా అన్న వివరానికి కూడా అందులో ఒక గడి ఉంటుంది. పదిహేడో శతాబ్దానికి పరిమితం చేసి ఆ గడితో వెతికితే, పట్టుబడిన ఓడలు ఒక్కొక్కటిగా కనిపిస్తాయి.